చదవకుండా అచ్చేయడమే మన ఘనత

ఇంగ్లీషు దేశాల్లో మొదటి నవల రాసినవాళ్ల బతుకు చూస్తే జాలేస్తుంది. రాయడమైతే పూర్తవుతుంది గానీ, పాపం ప్రచురణకర్త గడప తొక్కడానికి కూడా లేదు. అక్కడి పెద్ద సంస్థలు చాలావరకు ఏజెంటు ద్వారా వచ్చిన రాతప్రతినే ముట్టుకుంటాయి. అంచేత ముందు లిటరరీ ఏజెంటుకు, అంటే రచయిత తరఫున ప్రచురణకర్తతో బేరమాడే మనిషికి, అర్జీ పెట్టుకోవాలి. ఒక పేజీ ఉత్తరం, కథా సారాంశం, మొదటి కొన్ని పేజీలు పంపి, నెలల తరబడి ఈమెయిల్ చూసుకుంటూ కూర్చోవాలి. వస్తే 'మాకు నప్పదు' అని జవాబు వస్తుంది. చాలాసార్లు అదీ రాదు. ఒకవేళ ఎవరైనా ఒప్పుకుంటే రచయిత సంపాదనలో 15 శాతం వాళ్లది, విదేశీ హక్కులు అమ్మితే 20 శాతం. ఇంతా చేసి ఆ ఏజెంటు మొట్టమొదట చేసే పనేమిటయ్యా అంటే, చదవడం. చదివి ఊరుకుంటారా, మూడో అధ్యాయం తీసేయమంటారు.

ఇంత అనాగరికం మన దగ్గర లేదు. అయినా తెలుగులో లిటరరీ ఏజెంట్లు లేకపోవడం పెద్ద లోపమని కొందరు బాధపడుతున్నారు. 2025లో కన్నడ కథల పుస్తకానికి అంతర్జాతీయ బుకర్ వచ్చినప్పటి నుంచి ఈ గోల మరీ ఎక్కువైంది. 50,000 పౌండ్ల బహుమతిని రచయిత్రి, అనువాదకురాలు చెరిసగం పంచుకున్నారట, పక్కింటి వాళ్లకు వచ్చింది మనకెందుకు రాదు, అంతా ఏజెంట్లు లేకపోవడం వల్లే అంటున్నారు. ఈ వాదన ఎంత అమాయకమైనదో చూపించడానికే ఈ వ్యాసం.

ముందు డబ్బు సంగతి తేలుద్దాం. ఏజెంటు అనే ప్రాణి రచయిత సంపాదనలో వాటాతో బతకాలి. మన పుస్తకం వెల 200 రూపాయలు అనుకోండి. షాపు కమిషన్ 40 శాతం దాకా పోతుంది. మిగిలిన 120లో కాగితం, అచ్చు, బైండింగు, కవరు డిజైను పోగా, కొరియర్ పోగా, అమ్ముడైన కాపీల డబ్బు కోసం షాపు చుట్టూ తిరిగిన ఆటో ఛార్జీలు పోగా, మిగిలేది మైనస్. అందులో 15 శాతం వాటా అంటే, ఏజెంటే రచయితకు ఎదురు కట్టాలి. ఆ షరతు మీద ఎవరైనా ముందుకొస్తే మనవాళ్లు తప్పకుండా ఆలోచిస్తారు.

ఇక మన విధానంలోని సౌలభ్యం చూడండి. తెలుగు రచయిత ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కర్లేదు. ప్రెస్సుకు ఫోన్ చేస్తే చాలు.

"నవల రాశానండీ."

"చాలా సంతోషం సార్. ఎన్ని పేజీలొస్తుంది?"

"డెమ్మీ సైజులో రెండొందల ఇరవై రావచ్చండి."

"అచ్చు కాగితం ఫారానికి పదహారు పేజీలు కదా సార్, రెండొందల ఎనిమిదికి దించేయండి, కాగితం వేస్టవదు. ఎన్ని కాపీలు? ఐదొందలా, వెయ్యా?"

నవల దేని గురించి అనే అసభ్యమైన ప్రశ్న ఎక్కడా రాలేదు, గమనించారా? రచయిత ఆ రాత్రే కూర్చుని పన్నెండు పేజీలు కొట్టేస్తాడు. నాయిక మేనత్త పాత్ర ఎగిరిపోతుంది, వర్షం సీను సగమవుతుంది. తెలుగు ప్రచురణలో చాలాచోట్ల మిగిలిన ఎడిటింగు ఇదొక్కటే. దీన్ని ప్రింటింగ్ ప్రెస్సు ఉచితంగా చేసిపెడుతోంది. నిజం చెప్పాలంటే, చాలా నవలలకు మేలే జరిగింది.

డబ్బు ఎవరు పెడతారన్న ప్రశ్న కూడా రాలేదు. అది అడిగి తెలుసుకునే విషయం కాదు. పూర్వం కావ్యాన్ని అంకితం పుచ్చుకునే రాజు ఉండేవాడు. రాయలవారు ఎదురుపడితే ఏనుగును ఆపి, చేయి అందించి తనను ఎక్కించుకునేవాడని పెద్దన చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ రాజు స్థానంలో రచయిత ప్రావిడెంటు ఫండు ఉంది. పద్యాలు చెప్పమంటే ఊరికే చెప్పడం కుదరదని, దానికేమేం కావాలో పెద్దన ఒక జాబితా ఇచ్చాడు కదా. ప్రశాంతమైన చోటు, కప్పుర విడెం, ఇష్టమైన భోజనం, ఊయల మంచం. చివర్లో తప్పొప్పులు ఎంచే రసజ్ఞులు, ఊహ తెలిసిన లేఖకులు, పాఠకులు. ఊయల మంచం ఇప్పుడు ఏ ఫర్నిచర్ షాపులోనైనా ఈఎంఐ మీద దొరుకుతుంది. భోజనం యాప్‌లో వస్తుంది. జాబితాలో ఆ చివరి వరసే స్టాకు లేదు.

మధ్యలో కొన్ని దశాబ్దాలు మనం దారి తప్పామని ఒప్పుకోవాలి. 1960ల నుంచి 80ల దాకా నడిచిన వారపత్రికల రాజ్యం అది. నవల పత్రికాఫీసుకు పంపితే అక్కడ ఎవరో కూర్చుని చదివేవారు. 'ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు' అని హామీ పత్రం రాసివ్వాలి. తిప్పి పంపడానికి స్టాంపులు అంటించిన కవరు మనమే జతచేయాలి, అంటే మన ఓటమికి మనమే తపాలా ఖర్చు పెట్టుకోవాలి. సీరియల్‌గా వచ్చి జనానికి నచ్చితే విజయవాడ ప్రచురణకర్త డబ్బిచ్చి మరీ నవల తీసుకునేవాడు. అతని ధైర్యం అద్దె లైబ్రరీలు. వీధి చివరి అద్దె షాపులో రోజుకింత అని చెల్లించి తీసుకెళ్లిన గృహిణి, నవల బాగుంటే పక్కింటావిడకు చెప్పేది. బాగోకపోతే మర్నాడు పొద్దున్నే తెచ్చి బల్లమీద పడేసేది. ముందుమాట ఎవరు రాశారో చూసేది కాదు. సాహిత్యాన్ని ఇంత దయలేకుండా తూచిన సంస్థ మళ్లీ పుట్టలేదు. టీవీ సీరియళ్లొచ్చి అద్దె షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాక రచయితలు ఊపిరి పీల్చుకున్నారు.

ఇప్పుడు ఆ బాధ లేదు. రాతప్రతి నేరుగా ముందుమాట దగ్గరికి వెళ్తుంది.

ముందుమాటలు కనీసం మూడు ఉండాలి. రిటైరైన ప్రొఫెసర్ ఒకరు, పేరున్న కవి ఒకరు, సర్వీసులో ఉన్న అధికారి ఒకరు. రాతప్రతి పంపేటప్పుడు 'చదవండి' అనకూడదు, అది మర్యాద కాదు. 'వీలు చూసుకుని నాలుగు మాటలు' అనాలి. ఆ నాలుగింటిలో మూడు ఆయన తన గురించి రాసుకుంటారు. నాలుగోది 'ఈ యువ రచయిత' అని మొదలవుతుంది. సదరు యువ రచయిత కిందటేడే బ్యాంకులో పదవీ విరమణ చేసి ఉంటారు. తర్వాత 'మొదలుపెడితే చివరిదాకా ఆపకుండా చదివిస్తుంది' అనే వాక్యం తప్పనిసరి. మొదలుపెట్టనివాళ్లు కూడా ధైర్యంగా రాయగల వాక్యమది, ఎందుకంటే అందులో 'మొదలుపెడితే' అనే షరతు ఉంది. న్యాయంగా చూస్తే అబద్ధం లేదు.

ఆ మీదట పని భలే సాఫీగా సాగుతుంది. సభలో వక్త ముందుమాట చదివి మాట్లాడతాడు. సమీక్షకుడు వెనక అట్ట చదివి రాస్తాడు. మిత్రులు సమీక్ష చదివి అభినందిస్తారు. పుస్తకం మొత్తాన్ని అక్షరం వదలకుండా చూసిన మనిషి, అచ్చుకు పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటర్ ఒక్కడే. రచయిత యూనికోడ్‌లో పంపినదాన్ని అచ్చుకు వాడే 'అను' అనే ఫాంటులోకి మార్చి, ఆ మార్పులో ఎగిరిపోయిన ఒత్తులన్నీ వెతికి మళ్లీ తగిలిస్తాడు. పేజీకి ఇంత అని కూలి. మూడో ప్రూఫు ఇస్తూ మొహమాటంగా అంటాడు: "సార్, తొంభై ఆరో పేజీదాకా ఆవిడ పేరు సుజాత కదా, తర్వాత సునీత అయిపోయింది. కావాలనే పెట్టారా?" ఆ నవల మీద వచ్చే మొదటి విమర్శ అది. ఆఖరిదీ అదే. ఆయన పేరు పుస్తకంలో ఉంటే, 'డీటీపీ' అనే మాట పక్కన, కంటికి కనీకనిపించనంత చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆవిష్కరణ సభ గురించి తక్కువ చెబితే పాపం. హైదరాబాద్‌లో అయితే చిక్కడపల్లి త్యాగరాయ గానసభో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రమో. వేదిక మీద పదకొండు మంది, అందరికీ శాలువాలు. తొలి ప్రతి రచయిత బావగారు కొంటారు. ప్రధాన వక్త లేచి "సమయాభావం వల్ల పుస్తకం పూర్తిగా చదవలేకపోయాను, కానీ" అంటారు. ఆ 'కానీ' తర్వాత నలభై నిమిషాలు. చదవని పుస్తకం మీద నలభై నిమిషాలు మాట్లాడటం మామూలు విద్య కాదు. 15 శాతం పుచ్చుకునే ఆ ఏజెంట్లలో ఒక్కరిని తెచ్చి ఈ వేదిక మీద నిలబెట్టండి, రెండు నిమిషాలు లాగలేరు.

అమ్మకాల విషయానికొస్తే, లోపలి పేజీలో 'ప్రతులకు' అని ఉంటుంది. దాని కింద రచయిత ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఆ కింద 'మరియు అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాలు'. అన్నీ అంటే మహా అయితే కోఠీలో ఒకటి, విజయవాడ ఏలూరు రోడ్డులో ఒకటి. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం వచ్చినప్పుడు రచయిత స్వయంగా స్టాలు దగ్గర నిలబడతాడు. సెల్ఫీ దిగినవాళ్లు చాలామందే ఉంటారు.

ప్రభుత్వం కూడా మన విధానానికి అండగానే ఉంది. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం పుస్తకం వేసిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై కన్నెమరా సహా మరో మూడు గ్రంథాలయాలకు తలో ప్రతి ప్రచురణకర్త సొంత ఖర్చుతో పంపాలి. పంపకపోతే 50 రూపాయల దాకా జరిమానా, దానితో పాటు పుస్తకం వెల. ప్రచురణకర్త రచయితే కాబట్టి ముద్దాయి కూడా ఆయనే. కోల్‌కతాలో మన నవల ఎవరు చదువుతారని అడక్కండి. చట్టంలో చేర్చడమే ఉంది, చదవడం లేదు. ఇక్కడ మన ఊళ్లో ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతూనే ఉన్నాం. అది మున్సిపాలిటీ దాటి గ్రంథాలయ సంస్థకు చేరి, కొత్త పుస్తకంగా మారే కథ మాత్రం డిటెక్టివ్ నవల రాసేవాళ్లకు వదిలేద్దాం.

ఇంత చక్కని ఏర్పాటుకు ఈమధ్య ప్రమాదం ముంచుకొస్తోంది. సిల్వర్, గోల్డ్, ప్లాటినం ప్యాకేజీలు పెట్టి 'మీరు డబ్బు కట్టండి, మేం మిమ్మల్ని రచయితను చేస్తాం' అనే సంస్థల గురించి కాదు నేను చెప్పేది. వాళ్లు మన సంప్రదాయంలోనే ఉన్నారు, బిల్లు ఇస్తున్నారు, అంతే తేడా. నా భయం వేరు. గత పదేళ్లలో కొందరు చిన్న ప్రచురణకర్తలు బయలుదేరారు. వాళ్లు రాతప్రతి చదువుతున్నారు! 'మీ రెండో సగం బాగోలేదు, మళ్లీ రాయండి' అని మొహం మీదే చెబుతున్నారు. కొందరైతే రాయల్టీ కూడా ఇస్తున్నారట. అమెరికా తెలుగు సంఘాలు పెట్టే నవలల పోటీలు మరో బెడద. ఎంత లేదన్నా అక్కడ న్యాయనిర్ణేతలు చదివి తీరాలి. ఇలా ఒక్కొక్కరే చదవడం మొదలుపెడితే రేపు తిరస్కరణలు వస్తాయి, ఎల్లుండి మంచి నవలలు వస్తాయి, ఆ తర్వాత మొహమాటం లేని సమీక్షలు కూడా రావచ్చు. మూడు ముందుమాటలు రాసే పెద్దలు ఏమైపోవాలి?

అయినా ప్రపంచంతో పాటు నడవక తప్పదు అంటారా, సరే, నా దగ్గర ఒక రాజీ సూచన ఉంది. ఏజెంట్లూ వద్దు, కమిషన్లూ వద్దు. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కలిసి మండలానికొకటి చొప్పున 'పాఠకుడు' అనే పోస్టు మంజూరు చేయాలి. పే స్కేలు, డీఏ, రాత్రిపూట చదివితే ఓవర్‌టైం. మొదటి రాతప్రతి పట్టుకొచ్చిన వాళ్లెవరైనా ఆఫీసుకెళ్లి రసీదు తీసుకోవాలి. పాఠకుడు ముప్పై రోజుల్లో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, బాగుందో లేదో ఒక్క పేజీలో రాసివ్వాలి. శాలువా కప్పించుకుంటే సస్పెన్షన్.

అర్హతలు రెండే. తెలుగు తప్పుల్లేకుండా చదవడం రావాలి, అచ్చుకాని సొంత నవల ఏదీ ఉండకూడదు. మొదటి అర్హతకు అభ్యర్థులు బాగానే దొరుకుతారు. రెండోదానికి సడలింపు ఇస్తూ నోటిఫికేషన్‌లోనే ఒక లైను చేర్చడం మంచిది.