శాతం ఎంత ఏద్దాం?

రెజ్యూమెలో అంకె లేని వాక్యం ఉండకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. బాగా పనిచేశానంటే హెచ్‌ఆర్ వాళ్లు నమ్మరు. ఎంత బాగా? న్యాయమైన ప్రశ్నే. గూగుల్‌లో నియామకాలు చూసిన లాస్లో బాక్ దీనికో సూత్రం చెప్పారు: ఏం సాధించావు, దేనితో కొలిచావు, ఎలా చేశావు. ఈ సూత్రం హనుమకొండ జిరాక్స్ సెంటర్ చేరేసరికి ఒక్క అంకే మిగిలింది.

అక్కడ రెజ్యూమెలు టైపు చేసే అన్న అడిగేది ఒకటే. "తమ్మీ, శాతం ఎంత ఏద్దాం?" కాలేజీ ఫెస్ట్‌లో కుర్చీలు మోసిన పిల్లగాడు కాసేపు ఆలోచించి, "నలభై ఎయ్యన్నా" అన్నాడు.

"నలభై అందరు ఏస్తున్నరు. ముప్పై ఏడు ఏద్దాం, లెక్క కట్టినట్టుంటది."

సున్నాతో ముగిసే అంకెను చూస్తే అనుమానం వస్తుందని ఏ ఎంబీయే చదవకుండానే కనిపెట్టిన మేధావి! 'కార్యక్రమ నిర్వహణ సామర్థ్యాన్ని 37 శాతం పెంచాను' అని ప్రింటు వచ్చింది. దేని మీద 37 అని అడగకండి. పోయినేడు కుర్చీలు మోసిందెవరో ఎవరికి గుర్తు? ఇద్దరున్న క్లబ్బులో మూడోవాడు చేరితే 50 శాతం వృద్ధి. ఆ లెక్కను ఏ ఆడిటరూ తప్పు పట్టలేడు.

పాపం, కాకతీయ రాజు రుద్రదేవుడికి ఈ కిటుకు తెలియదు. వేయిస్తంభాల గుడి దగ్గర 1163 నాటి శాసనంలో దొమ్మరాజు, మైలిగిదేవుడు అంటూ ఓడించిన వాళ్ల పేర్లు రాయించుకున్నాడు గానీ ఒక్క శాతమూ వేయించలేదు. ఈరోజైతే షార్ట్‌లిస్టులోనే పోయేవాడు.

వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో మాత్రం లాస్లో బాక్ అడిగిన మూడూ దొరుకుతాయి. మిర్చి సీజన్‌లో హమాలీ ఎత్తిన బస్తా కాంటా ఎక్కుతుంది, కిలోలు చీటీకెక్కుతాయి. ఎలా చేశాడంటారా, వీపు చూస్తే తెలుస్తుంది. ఇంత పక్కాగా కొలిచిన పనికి రెజ్యూమె మాత్రం లేదు. ఎవరూ అడగలేదు మరి.

కాబట్టి ప్లేస్‌మెంట్ సెల్లులకు నా విన్నపం: గేటు దగ్గర ఓ కాంటా పెట్టించండి. బస్తాకు తీసినట్టే రెజ్యూమెకూ తరుగు తీయాలి. 37 శాతానికి ఎంత తరుగో తేల్చడానికి నిపుణుల కమిటీ వేయాలి. కమిటీ సభ్యుల రెజ్యూమెలకు ఈ తరుగు వర్తించదు.