‘వ్యక్తిగత కారణాలు’ అని రాయిస్తున్నది ఎవరు?

మాదాపూర్, గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉద్యోగాల కోతలు ఇప్పుడు కొత్త కాదు. అవి జరుగుతున్న తీరు గురించే మాట్లాడుకోవాలి. సాయంత్రం ఐదింటికి ‘చిన్న డిస్కషన్’ అని మీటింగ్ రూముకు పిలుస్తారు. హెచ్‌ఆర్ వాళ్లు ఇద్దరు, పక్కన మేనేజర్. ల్యాప్‌టాప్‌లో రాజీనామా పోర్టల్ అప్పటికే తెరిచి ఉంటుంది. కారణం అడిగే జాబితాలో ‘కంపెనీ వెళ్లమంది’ అనే ఆప్షన్ ఉండదు. ‘వ్యక్తిగత కారణాలు’ నొక్కి బయటికి రావాలి.

ఆ ఒక్క క్లిక్కుతో కంపెనీకి ఎంత మిగులుతుందో చూడండి. వేతనం నెలకు 60,000, సర్వీసు ఏడేళ్లు అనుకుందాం. దీన్ని రిట్రెంచ్‌మెంట్‌గా, అంటే ఉద్యోగి తప్పేమీ లేకుండా కంపెనీయే తీసేసినట్టుగా చూపిస్తే నెల నోటీసు లేదా 60,000 ఇవ్వాలి. ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం సుమారు 2,10,000. ఈ రెండూ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్నవే. దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ రీస్కిల్లింగ్ (కొత్త నైపుణ్యాలు నేర్చుకునే) నిధి కింద మరో 15 రోజుల వేతనం కలిపింది, అది 45 రోజుల్లో ఖాతాలో పడాలి. మొత్తం మూడు లక్షలు. పైగా ప్రభుత్వానికి తెలియజేయాలి, మామూలుగా చివర చేరినవాళ్లనే ముందు తీయాలి. రాజీనామా అంటే ఈ బాధ్యతలన్నీ మాయం. ‘రిజైన్ చేస్తే గ్రాట్యుటీ ఇస్తాం’ అనే బేరం మరీ అన్యాయం. ఐదేళ్లు నిండినవాళ్లకు రాజీనామా చేసినా, తీసేసినా గ్రాట్యుటీ వస్తుంది. వాళ్ల సొమ్మే వాళ్లకు ఎరగా వేస్తున్నారు.

తీసేశామని రాస్తే కెరీర్‌కు మచ్చ, రాజీనామాయే గౌరవం అని కంపెనీలు చెబుతాయి. తప్పు చేసి డిస్మిస్ కావడం వేరు, రిట్రెంచ్‌మెంట్ వేరు. పోస్టు అవసరం తీరిందని కంపెనీ లేఖ ఇస్తే ఉద్యోగి తలదించుకోవాల్సింది ఏముంది? కొత్త ఉద్యోగానికి అడిగే రిలీవింగ్ లెటర్ ఆపుతామన్న బెదిరింపే అసలు ఆయుధం.

‘మేం సాఫ్ట్‌వేర్ వాళ్లం, కార్మిక చట్టాలు మాకెక్కడివి’ అన్న భ్రమ దానికి తోడు. సాంకేతిక పని చేసేవాళ్లు కార్మికుల నిర్వచనంలోనే ఉన్నారు. కార్డు మీద ‘మేనేజర్’ అని ఉన్నంత మాత్రాన బయటికి పోరు. చూడాల్సింది ప్రధానంగా చేసే పని అని సుప్రీంకోర్టు 1985లో సిబా గైగీ కేసులో తేల్చింది.

గదిలో ఒత్తిడికి లొంగి బటన్ నొక్కేసినా దారి ఉంది. ఆ రాత్రే సొంత మెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కు రాయండి: ఎన్ని గంటలకు పిలిచారు, ఎవరెవరున్నారు, ఏ మాటలన్నారు, ఇది ఇష్టపూర్వక రాజీనామా కాదు, వెనక్కి తీసుకుంటున్నాను. ఆలస్యమైన కొద్దీ ‘మనసు మార్చుకున్నాడు’ అనే వాదన బలపడుతుంది. రాబోయే తేదీ నుంచి అమలయ్యే రాజీనామాను ఆ తేదీ రాకముందే ఉపసంహరించుకోవచ్చని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది. అది అలహాబాద్ హైకోర్టు జడ్జి ఒకరి రాజీనామా కేసు. ప్రైవేటు ఉద్యోగంలో మాత్రం ఒప్పందంలో దీనికి అడ్డు ఉందేమో చూసుకోవాలి. అపాయింట్‌మెంట్ లెటర్, పేస్లిప్పులు దగ్గర పెట్టుకోండి. ప్రాజెక్టు ఫైళ్లు మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. డేటా బయటికి పంపారన్న సాకుతో డిస్మిస్ చేయడానికి అదొక్కటి చాలు. యూనియన్ లేకపోయినా వివాదాల్లో రాజీ కుదిర్చే ప్రభుత్వ కన్సిలియేషన్ అధికారికి ఒంటరిగానే దరఖాస్తు పెట్టొచ్చు. 45 రోజులు దాటితే నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. కోడ్ ప్రకారం గడువు రెండేళ్లే, పాత చట్టంలో మూడేళ్లుండేది.

ఇదంతా ఒంటరి ఉద్యోగి నెత్తినే ఎందుకు పడాలి? కంపెనీతో ఒప్పందం కుదిరిన రోజు ‘ఇన్ని వేల ఉద్యోగాలు’ అని రెండు తెలుగు ప్రభుత్వాలూ ప్రకటించుకుంటాయి. భూమి, రాయితీలు ఆ అంకె చూపించే ఇస్తారు. మరి అదే కంపెనీలో ఒకే నెలలో పదుల మందికి ఒకేసారి ‘వ్యక్తిగత కారణాలు’ ఎలా పుట్టుకొచ్చాయో కార్మిక శాఖ అడగొద్దా? రాయితీ తీసుకున్న ప్రతి కంపెనీ నెలనెలా రాజీనామాల లెక్క కార్మిక శాఖకు ఇవ్వాలి. రాజీనామా చేసినవాళ్లకు శాఖే నేరుగా మెసేజ్ పంపి, ఇష్టంతోనే వెళ్లారా అని అడగాలి. కాదన్న జవాబు వస్తే రాయితీ తదుపరి విడత ఆపాలి.