ఎర్రదీపం పెట్టుకుని అలిగిన గ్యాస్ గీజరు గారికి

మహారాజరాజశ్రీ గ్యాస్ గీజరు గారి సముఖమునకు,

మలికిపురం పక్కన కొబ్బరితోటలో, తమరు బస చేసిన బండికి ఎదురుగా నులకమంచం వేసుకుని, రొయ్యల చెరువుల మీద, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లూ జనరేటర్లూ బాగుచేసుకు బతికే ఒక మెకానిక్కు చేసుకునే విన్నపాలు. ఉభయకుశలోపరి. ఉభయకుశలం అన్నది మాటవరసకేనండి. మీరు కుశలంగా లేరు, మీ మూలంగా ఈ ఇంట్లో స్నానం చేయాల్సినవాళ్లెవరూ కుశలంగా లేరు.

సంక్రాంతికి మా గోదావరి జిల్లాల్లో కొత్తల్లుడికి జరిగే మర్యాదలు లోకమంతా ఎరిగినవే. ఈ ఏడు మా ఇంట కొత్తల్లుడు లేడు. ఆ పీట మీద మీరు కూర్చున్నారు. మా మేనల్లుడు బెంగళూరులో ముచ్చటపడి కట్టించుకున్న క్యారవాన్ అనే చక్రాల మీది ఇంట్లో, పక్కవాటాన తెల్లటి రేకు తలుపు వెనకాల కొలువుదీరి వచ్చారు. ఊళ్లోవాళ్లు ఆ బండికి ‘మంచం బస్సు’ అని పేరు పెట్టేశారు గానీ, మావాడు మంచం సంగతి ఒక్కముక్క చెప్పలేదు, చెప్పిందంతా మీ గురించే. ట్యాంకు 22 లీటర్లట. స్విచ్ వేస్తే స్పార్క్ దానంతటదే, మంట దానంతటదే, నీళ్లు 60 డిగ్రీల దాకా కాగితే ఆగడం కూడా దానంతటదేనట. అగ్గిపెట్టెతో పనే లేదట. ‘మామయ్యా, మీరింకా కొబ్బరి డొక్కలు ఊదుకుంటున్నారు’ అని ఎగతాళి కూడా చేశాడండి.

భోగినాడు తెల్లవారుజామున, ముందున్న మనిషి కనపడనంత మంచులో, మీ స్విచ్ వేశాం. టిక్, టిక్, టిక్ అన్నారు. కాసేపాగి మళ్లీ టిక్, టిక్ అన్నారు. ఆ తర్వాత ఎర్రదీపం పెట్టుకుని కూర్చున్నారు. అవతల వీధిలో భోగిమంట మీద గుండిగలో నీళ్లు సలసలా కాగుతుంటే, ఎగతాళి చేసిన మేనల్లుడే మొట్టమొదట చెంబు పట్టుకుని వెళ్లాడు. ఆ ముచ్చట మీరు చూడలేదు. తలుపు వేసుకుని ఉన్నారు కదా.

అలగండి, తప్పులేదు. అలిగిన అల్లుళ్లని ఈ ఇల్లు చాలామందినే చూసింది. ఒకాయనకి స్కూటరు కావలసొచ్చింది, ఇంకొకాయనకి ఉంగరం తూకం తగ్గింది. వాళ్లు నోరు తెరవకపోయినా తల్లిగారో తోడల్లుడో వచ్చి ఫలానాది అని చెవిలో వేసేవారు. మీకు అలాంటివాళ్లెవరూ లేరు. గ్యాస్ అందకపోయినా అదే దీపం, కరెంటు చాలకపోయినా అదే దీపం, మంట వచ్చి పోయినా అదే దీపం. ఇన్ని అలకలకి ఒక్కటే మొహం పెడితే పిల్లనిచ్చినవాళ్లు ఏమని కనిపెట్టాలండి?

మీ లోపలి తతంగం నాకు తెలియనిదేం కాదు. ముందు మీ బోర్డుకి 12 వోల్టుల కరెంటు కావాలి. నీళ్లు ఇప్పటికే వేడిగా లేవని థర్మోస్టాట్ చెప్పాలి, మరీ కాగి పోలేదని దాని పైనున్న కటాఫ్ చెప్పాలి. అప్పుడు గ్యాస్ వాల్వు టక్కుమని తెరుచుకుంటుంది, బర్నర్ పక్కనున్న లోహపు పుల్ల మొనలో స్పార్క్ పడుతుంది. మంట వచ్చిందో లేదో కూడా ఆ మంటలోంచి పారే చిటికెడు కరెంటుని బట్టే మీరు తెలుసుకుంటారు. కొన్ని సెకండ్లలో ఆ కబురు రాకపోతే వాల్వు మూసేస్తారు. ఒకటి రెండు సార్లు చూసి తాళం వేసుకుంటారు. మండని గ్యాస్ ఊరికే వదలకూడదు కాబట్టి ఇందులో మీ తప్పేం లేదు, మెచ్చుకోవాల్సిందే. చేసేదంతా నియమంగా చేసి, ఎక్కడ ఆగిందన్న ఒక్క ముక్క మింగేస్తారు చూడండి, అక్కడే వస్తుంది మంట. అది మీకు కాదు, మాకు.

మా పెదబావ ఊరుకోడు కదా. స్విచ్ ఆపడం, వేయడం, ఆపడం, వేయడం. వేసినప్పుడల్లా కాస్త కాస్త గ్యాస్ లోపలికి వస్తుందనీ, అది పోయేదాకా నాలుగైదు నిమిషాలు ఆగాలనీ ఆయనకి చెప్పేవాళ్లెవరు? చివరికి ఆయన చేతికి గారెల పళ్లెం ఇచ్చి కూర్చోబెట్టాం.

సరే, గ్యాస్ నుంచి మొదలుపెట్టాను. బండి లోపలి పొయ్యి వెలిగించాను. నీలంగా, నిలకడగా వెలిగింది. అంటే సిలిండరులో గ్యాస్ ఉంది, రెగ్యులేటర్ పనిచేస్తోంది. కొత్త సిలిండర్ తగిలించినప్పుడు గొట్టంలో గాలి నిలిచి మీరు నోరు తెరవరు. అప్పుడు కూడా ముందు పొయ్యి వెలిగించి గాలి పోగొట్టడమే మందు. ఇంతలో గారెలు అయిపోయాయో ఏమో, పెదబావ మళ్లీ లేచాడు. ప్రెషర్ చాలడం లేదట, పెళ్లివంటల భట్టీకి పెట్టే పెద్ద రెగ్యులేటర్ తెస్తాడట! ఇంట్లో వాడే రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30 మిల్లీబార్లు. మీకు కావలసిందీ ఇంచుమించు అంతే. భట్టీ రెగ్యులేటర్ తగిలిస్తే మీ వాల్వు తట్టుకోదు. ఆయనకి రెండో పళ్లెం ఇప్పించాను, ఈసారి అరిసెలు.

అన్నట్టు, మీకో సంగతి చెప్పాలి. మంట అంటే తెలియని ఊరికి రాలేదు మీరు. 1995 జనవరిలో, పండగకి కొద్దిరోజుల ముందే, మా కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్విన గ్యాస్ బావి పేలి అంటుకుంది. రెండు నెలలకి పైగా మండింది. ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించారు. ఎక్కడెక్కడినుంచో నిపుణులు వచ్చి ఆర్పడానికి నానా అవస్థా పడ్డారు. ఈ నేల కింద గ్యాస్‌కి స్విచ్ అక్కర్లేదు, స్పార్క్ అక్కర్లేదు, బతిమాలించుకోవడం అసలే లేదు. అంత మంటని ఆర్పలేక ఏడ్చిన సీమలో ఇవాళ అరచేతి వెడల్పు మంట వెలిగించలేక ఏడుస్తున్నాం. ఆ ఘనత మీదే.

తర్వాత కరెంటు. మావాడు బండిలో దీపాలన్నీ వేసి చూపించి ‘బ్యాటరీ ఫుల్లు మామయ్యా’ అన్నాడు. ఎల్‌ఈడీ దీపాలు 10 వోల్టులకి కూడా వెలుగుతాయండి, వాటి మాట నమ్మకూడదు. మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.6 ఉంది, బాగానే ఉంది. మీ బోర్డు దగ్గర, స్విచ్ వేయకముందు, అదీ బాగానే ఉంది. మీరు టిక్ టిక్ అంటున్నప్పుడు చూస్తే ముల్లు 10 కిందికి జారింది. ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే ఏ తీగైనా బంగారమే, పని చెప్పినప్పుడు కొలవాలి. ఎర్త్ తీగ వెంట వెతుక్కుంటూ వెళితే మీ వెనకాల చాసిస్‌కి బిగించిన మరమేకు దగ్గర పచ్చగా చిలుం! అంతర్వేది వైపునుంచి వచ్చే ఉప్పుగాలికి మా ఏరేటర్ల టెర్మినళ్లే నిలవవు, బెంగళూరులో బిగించిన రాగి ఎంత? మరమేకు విప్పి, ఉప్పుకాయితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాసిలిన్ పూశాను. స్పార్క్ ఈసారి టపటపా పడింది.

పడిందిగదా అని సంబరపడ్డాం. మంట కూడా వచ్చింది. పసుపుపచ్చగా, బద్ధకంగా, నాలుకలు సాచి ఒకసారి బయటికి తొంగిచూసి ఆరిపోయింది. మళ్లీ ఎర్రదీపం. ఇదిగో, ఇందుకే అన్నాను. మొదటి అలక తీరింది, రెండోది మొదలైంది, దీపం మటుకు అదే. పాత బాధే అనుకుని ఎవడైనా బ్యాటరీ మార్చేసి ఉండేవాడు.

పచ్చమంటకి అర్థం గాలి చాలకపోవడం. గ్యాస్ కట్టేసి, మీ ఒళ్లు చల్లారేదాకా ఆగి, బర్నర్ గొట్టం విప్పాను. లోపల, గాలి పీల్చుకునే మూతి దగ్గర, బొటనవేలంత మట్టిముద్ద. కందిరీగ గూడు. మావాడు బండిని దసరాకే తెచ్చి తోటలో పెట్టి తాళం వేసి వెళ్లాడు, అది చక్కగా చూసుకుని కాపురం పెట్టింది. స్క్రూడ్రైవరుతో ఆ ముద్ద చిదిపితే అందులోంచి సన్నసన్న సాలీళ్లు రాలాయి, కదలవు గానీ కుళ్లలేదు. పుట్టబోయే పిల్లకి తిండని కందిరీగ వాటిని కుట్టి, స్పృహ తప్పించి, దాచిపెట్టింది. పండక్కి వచ్చిన అల్లుడి కడుపులో ఇంకొకరి పురిటి సామాను! పిల్లలందరూ చుట్టూ మూగి చూశారు. ఆ పూట గంగిరెద్దుకి కూడా అంత గిరాకీ లేదు.

గొట్టాన్ని సీసాలు కడిగే బ్రష్షుతో తోమి, పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి కొట్టించి తెచ్చాను. ఈలోగా మా చిన్నాన్న, ఎనభై దాటాయి ఆయనకి, కిరసనాయిలు స్టౌ పిన్ను ఒకటి ఎక్కడినుంచో వెతికి తెచ్చి గ్యాస్ చిమ్మే మీ ఇత్తడి జెట్టులో పొడవబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ రంధ్రం కొలిచి చేసింది. పిన్నుతో పొడిస్తే సాగుతుంది, సాగితే గ్యాస్ ఎక్కువొస్తుంది, పచ్చమంట మళ్లీ మొదటికొస్తుంది, మసి కూడా పడుతుంది. గాలి ఊదాలి, పొడవకూడదు. చిన్నాన్న నొచ్చుకుని ‘మా రోజుల్లో పిన్నుతోనే సంసారాలు గడిచాయిరా’ అన్నాడు. గడిచాయి మరి.

వెలిగారండి ఈసారి. నీలంగా, సన్నగా గుర్రుమంటూ. ఇంట్లో ఆడవాళ్లు నలుగుపిండి గిన్నెలతో లైను కట్టారు. అరగంట పోయాక కుళాయి తిప్పితే వచ్చింది ఏమిటి? గోరువెచ్చన. కాలవలో ఎండకి కాగిన నీళ్లు ఇంకాస్త నయం. మీ మంట మండుతోంది, ట్యాంకు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది, కుళాయిలో వేడి లేదు. ఈ ఒక్క అలకకి మీరు దీపం కూడా పెట్టలేదు.

దీనికి మిమ్మల్ని అనకూడదు. బండి వెనక కాళ్లు కడుక్కోవడానికి చిన్న షవరు ఒకటి ఉంది కదా, చెరువు గట్టు మీదనుంచి వచ్చిన పిల్లలు అక్కడ బురద కడుక్కున్నారు. చేతిలో షవరు మీట నొక్కి నీళ్లు ఆపారు. గోడకున్న వేడి కుళాయి, చల్ల కుళాయి రెండూ తెరిచే వదిలేశారు. ఇంకేముంది, ఆ రెండింటి మధ్య దారి పడి, చన్నీళ్లు వెళ్లి వేన్నీళ్లలో కలిసి, బండి మొత్తానికి గోరువెచ్చనే పంచిపెట్టాయి. రెండు కుళాయిలూ బిగించాను, పొగలు కక్కే నీళ్లు వచ్చాయి. మీ వెనక, మిమ్మల్ని తప్పించి నీళ్లని పక్కదారి పట్టించే బైపాస్ వాల్వు తెరిచి ఉన్నా అచ్చం ఇదే తంతు. దాన్నీ చూశాను, అది సరిగానే ఉంది.

వేన్నీళ్లు రాగానే మా వదిన ముక్కు మూసుకుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. గ్యాస్ లీకని పెదబావ వీధిలోకి పరిగెత్తాడు, ఈ ఒక్క పని మటుకు ఆయన సరిగ్గా చేశాడు. వాసన తగిలితే ముందు సిలిండర్ కట్టాలి, స్విచ్‌లు ముట్టుకోకూడదు, తలుపులు తీసి బయటికి రావాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, పైకి పోదు, నేలబారునే పేరుకుంటుంది. అన్నీ అయ్యాక సబ్బునురగ రాసి జాయింట్లు చూశాను, ఎక్కడా బుడగ లేదు. వాసన వేడి కుళాయిలోనే ఉంది, చల్ల కుళాయిలో లేదు. అంటే అది గ్యాస్ కాదు, మీ కడుపు. మీ ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి మీలో ఉంటుంది. నెలల తరబడి నిలవున్న నీళ్లలో సూక్ష్మజీవులు చేరి దాని తోడుతో ఈ కంపు పుట్టిస్తాయి. మిమ్మల్ని చల్లార్చి, ప్రెషర్ తీసి, అడుగు ప్లగ్ విప్పితే మా ఉప్పుబోరు నీళ్ల పుణ్యమా అని తెల్లటి సున్నం పెళ్లలు కూడా రాలాయి. రెండు దఫాలు కడిగాక వాసన పోయింది.

నీళ్లు కాగేటప్పుడు మీ రిలీఫ్ వాల్వు నుంచి బొట్లు రాలడం చూసి పిల్లలు గీజరు ఏడుస్తోందన్నారు. కాగితే నీళ్లు ఉబ్బుతాయి, ట్యాంకు పైభాగాన ఉండాల్సిన గాలి తగ్గినప్పుడు అవి అలా బయటికి కారతాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ గాలి మళ్లీ నింపితే సరి. ఆ మూతికి బిరడా కొట్టే ఆలోచన మటుకు మా ఇంట్లో ఎవరికీ రాకుండా చూస్తున్నాను.

ఒక్క విషయంలో పరాచికాలు లేవు. మంచు పడుతోందని మావాళ్లు బండి మీద టార్పాలిన్ కప్పి మీ పొగ మూతి కూడా మూసేయబోయారు. నేను గట్టిగా కేకలేశాను. పండగ పూట కేకలేంటని అక్క కోప్పడింది. మీ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు, రంగు లేదు. మూసిన స్నానాలగదిలో గోడకి తగిలించిన చిన్న గ్యాస్ గీజర్లతో ప్రాణాలు పోయిన కబుర్లు పేపర్లో చదువుతూనే ఉన్నాం. అక్క కోపం సాయంత్రానికి పోయింది.

కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఇదే బండిలో వెళదామంటున్నాడు మావాడు. వెదురుతో కట్టి అలంకరించిన ఆ ప్రభలు భుజాల మీద కౌశిక కాలవ దాటి వస్తాయి గానీ మంచం బస్సు ఆ సందుల్లో తిరగదని చెప్పి చూశాను, వినలేదు. బయల్దేరేముందు సిలిండర్ కట్టేసి, మీ స్విచ్ ఆపేసి, ఆ తర్వాతే తాళం చెవి ఇస్తాను. దారిలో మీకు పనిలేదు, హాయిగా ప్రభలు చూసుకోండి.

ఇట్లు,
తమ అలకలు తీర్చిన మామ వరసవాడు.

తా.క.: విప్పినప్పుడు చూశాను, మీ మెగ్నీషియం కడ్డీ మూడొంతులు కరిగిపోయింది. మీ కొలతది మా రాజోలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరకలేదు. పట్టుపంచె కావాలంటే పెడతాం గానీ, కడ్డీ మటుకు వచ్చే పండక్కి బెంగళూరునుంచి మీరే తెచ్చుకోండి.