ఒకే తూటా, రెండు తుపాకులు: చవక బేరంలో కనపడని ఖర్చు

తుపాకీ లైసెన్స్ చేతికొచ్చి, డబ్బు మాత్రం అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకి ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే తీరతారు. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇది: "చేతి తుపాకీ ఒకటి, రైఫిల్ ఒకటి, రెండూ ఒకే తూటాతో పేలేవి తీసుకో, ఖర్చు తగ్గుతుంది. చేతి తుపాకీ అంటే రివాల్వరే, అది ఎప్పుడూ మొరాయించదు. రైఫిల్ పాత మిలిటరీది చవగ్గా వస్తుంది. ఎలాగూ ఒకసారే కొంటున్నావు కనక పెద్ద క్యాలిబర్‌కే (గొట్టం లోపలి వెడల్పుకే) వెళ్లు. .22 అన్న చిన్న తూటా పిల్లలాట. స్కోపు (గురి చూసే దుర్బిణీ), మిగతా సరంజామా తర్వాత నిదానంగా చూసుకోవచ్చు."

వినడానికి ఎంత పొదుపుగా ఉందో! ప్రతి ముక్కలోనూ కాస్త నిజం ఉంది, అందుకే ఇన్నేళ్లుగా చెలామణీ అవుతోంది. చిక్కల్లా లెక్క వేసిన తీరులో ఉంది. ఈ సలహా ధర చీటీ దగ్గరే ఆగిపోతుంది, కొన్న మర్నాటి నుంచి అయ్యే ఖర్చు జోలికి పోదు. నెలకి ఒక్క వంద తూటాలు కాల్చినా ఏడాదికి 1,200. చవక తుపాకీ ధరని తూటాల ఖర్చు దాటేయడానికి ఎంతో కాలం పట్టదు.

ఒకే తూటా అన్న మాటతో మొదలుపెడతాను, ఉన్నవాటిలో బలమైన వాదన అదే కాబట్టి. దీనికి చరిత్ర కూడా ఉంది. 1873లో విన్‌చెస్టర్ కంపెనీ .44-40 తూటాతో లీవర్ రైఫిల్ (మీట ఆడించి తూటా ఎక్కించేది) తెచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌ని అదే తూటాకి కూడా తయారుచేసింది. గుర్రం మీద రోజుల తరబడి తిరిగే మనిషికి, నడుముకున్న ఒకే బెల్టులోంచి రెండు తుపాకులకీ తూటాలు అందడమంటే మాటలు కాదు. అతని ఇబ్బంది మోత బరువు. మన ఇబ్బంది డబ్బు. అతనికి పనికొచ్చిన ఉపాయం మనకీ పనికొస్తుందని నమ్మేస్తున్నాం.

పైగా చేతి తుపాకీ తూటాలో తుపాకీ మందు పోసేటప్పుడే, చిన్న బ్యారెల్ (గొట్టం) దాటేలోపు కాలిపోయేలా చూస్తారు. 9 ఎం.ఎం. పిస్టల్ తూటానే తీసుకోండి. పిస్టల్‌కి బదులు పొడవాటి గొట్టం ఉన్న కార్బైన్‌లో (చిన్న రైఫిల్‌లో) పెట్టి కాల్చితే వేగం పెరుగుతుంది గానీ, సాధారణంగా పది పదిహేను శాతం దగ్గరే ఆగిపోతుంది. .357 మ్యాగ్నమ్ అనే రివాల్వర్ తూటా ఇంతకన్నా నయం, పొడవాటి బ్యారెల్‌లో బాగా పుంజుకుంటుంది. అయినా దాని గుండు (తూటాలోంచి బయటికి దూసుకెళ్లే ముక్క) పొట్టి, ముక్కు మొద్దు, గాలిలో తొందరగా నీరసపడుతుంది. 100 మీటర్ల దాకా సరే. 200 మీటర్ల దగ్గర అట్టముక్క పెట్టి కాల్చి చూడండి, గుండు ఎంత కిందకి జారిందో చూశాక ఈమాత్రానికి రైఫిల్ ఎందుకు కొన్నానా అనిపిస్తుంది. .308 అనే రైఫిల్ తూటా గుండు సన్నగా కోసుగా ఉండి, సెకనుకి సుమారు 800 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. ఈ రెండూ చేసే పనులే వేరు.

ఇక్కడ .357 రివాల్వర్, రైఫిల్ జతకి దక్కాల్సిన మార్కులు దానికి వేస్తాను. అందులో .38 స్పెషల్ అనే పొట్టి తూటా కూడా పేలుతుంది. చవకది, తన్నుడు (పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే దెబ్బ) తక్కువ. తిరగేసి మాత్రం కుదరదు. .357 ఖోళీని (మందు ఉండే ఇత్తడి గొట్టాన్ని) మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పొడవు చేసిందే, .38 రివాల్వర్‌లో పొరపాటున పట్టకూడదని. తమాషా ఏంటంటే, ఒకే తూటా వాదానికి అందరూ చూపించే మంచి ఉదాహరణలో సుఖమంతా రెండో తూటా వల్లే వస్తోంది.

మరి నన్నడిగితే? రెండింటిలో ఒకటి .22 అయి తీరాలి, తూటాల ఖర్చు తగ్గేది అక్కడే. ఏది అన్నది మీ పనిని బట్టి ఉంటుంది. ఆత్మరక్షణ ముఖ్యమైతే చేతి తుపాకీ 9 ఎం.ఎం., రైఫిల్ .22. చట్టం ఒప్పుకునే వేట కోసమైతే రైఫిల్ .308, చేతి తుపాకీ .22. ఒకటి పని కోసం, ఒకటి చెయ్యి తిరగడం కోసం.

"పిల్లలాట" అన్నవాళ్లకి ఒక అంకె చెప్పాలి. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ ఈ .22 తోనే జరుగుతుంది. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. 1887 నుంచి ఉన్న తూటా ఇది. గుండు బరువు రెండున్నర గ్రాములకి కాస్త ఎక్కువ. ఆ తూటాలు వచ్చే చిన్న డబ్బా మీదే, ఒకటిన్నర మైలు దాకా ప్రమాదం అని అచ్చేసి ఉంటుంది. అంటే రెండు కిలోమీటర్ల పైమాటే. ఆట వస్తువు మీద అలాంటి మాట రాయరు. లోపాలు లేవని కాదు. మంట పుట్టించే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది కాబట్టి, అప్పుడప్పుడూ ఒక తూటా పేలకుండా ఉండిపోవడం పెద్ద క్యాలిబర్లకన్నా ఎక్కువ. నా ప్రాణం దాని మీద పెట్టుకోమంటే ఒప్పుకోను. నేర్చుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు. (అన్నట్టు, మాన్యువల్‌లో పర్వాలేదని ఉంటే తప్ప .22 లో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి ప్రాక్టీస్ చేయకండి. ఫైరింగ్ పిన్ (తూటాని పొడిచే సూది) వెళ్లి ఛాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకి కొట్టుకుంటుంది.)

"ఒకసారే కొంటున్నావు, పెద్దదే తీసుకో" అన్న మాట చేసిన నష్టం ఇంకేదీ చేసి ఉండదు. ఒకే బరువున్న రైఫిళ్లలో .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అనే పెద్ద తూటా తన్నుడు .308 కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. చవక రైఫిళ్లు సాధారణంగా తేలికగా కూడా ఉంటాయి కనక భుజానికి ఇంకాస్త గట్టిగా తగులుతుంది. ఇరవై తూటాలు కాల్చేసరికి ఒళ్లు ముందే భయపడటం మొదలుపెడుతుంది. కొత్తవాళ్లకి ఇది తెలియదు, గురి తప్పింది తుపాకీ వల్లే అనుకుంటారు. తెలియాలంటే ఒక పరీక్ష ఉంది. మ్యాగజైన్ (తుపాకీ తూటాల పెట్టె) ఇంకొకరితో నింపించుకోండి, మధ్యలో ఎక్కడో ఒకటి రెండు పేలని డమ్మీ తూటాలు కలిపి. ఏది ఎప్పుడు వస్తుందో మీకు తెలియకూడదు. అసలువి పేలుతున్నంతసేపూ ఏమీ కనపడదు. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ "టిక్"మంటుంది, శబ్దం రాదు, తుపాకీ మూతి మాత్రం ఠక్కున కిందకి వంగుతుంది. తన్నుడు రాకముందే దాన్ని ఆపడానికి చేతులు చేసిన ప్రయత్నం అది. మొదటిసారి నా చేతిలో ఆ వంపు చూసుకుని నిజంగా సిగ్గుపడ్డాను. అప్పటిదాకా స్కోపుని తిడుతున్నాను.

రివాల్వర్ మొరాయించదన్న మాటకొస్తే, షూటింగ్ రేంజ్‌లో నా పక్క లేన్‌లో కాలుస్తున్న ఒక కుర్రాడు ఒకరోజు ఠక్కున ఆగిపోయాడు. "సిలిండర్ తిరగట్లేదన్నా" అన్నాడు. మూతి ముందుకే ఉంచమని చెప్పి, సిలిండర్ (తూటాలు ఉండే తిరుగుడు డ్రమ్) మెల్లగా బయటికి లాగి, తూటాలన్నీ తీసేసి చూశాం. ఖాళీ ఖోళీలను బయటికి నెట్టే నక్షత్రం లాంటి పలక ఉంటుంది కదా, దాని కింద కాలని మందు రేకు ఒకటి ఇరుక్కుంది. ఆవగింజలో సగం కూడా లేదు. దాంతో సిలిండర్ వెనక్కి ఒరుసుకుని బిగుసుకుపోయింది. పాత టూత్‌బ్రష్‌తో రెండుసార్లు గీస్తే సరిపోయింది. రివాల్వర్ తరచుగా ఆగదు, నిజమే. ఆగితే మాత్రం పిస్టల్‌లా పైనున్న స్లైడ్ లాగి వదిలేస్తే పోదు. ఇంకో సంగతి కూడా ఉంది. డబుల్ యాక్షన్ రివాల్వర్ (ట్రిగ్గర్ నొక్కుడుతోనే సుత్తి లేచి పడేది) ట్రిగ్గర్‌కి సుమారు ఐదు కిలోల బలం కావాలి, తుపాకీ బరువేమో ఒక కిలో అటూ ఇటూ. కొత్త చేతికి అది నొక్కేలోపు గురి ఎటో పోతుంది.

పాత మిలిటరీ రైఫిల్ గురించి చెప్పడం నాకు కొంచెం కష్టమే, ఎందుకంటే అవంటే నాకు ప్రాణం. 1891 నాటి రష్యా సైన్యపు రైఫిల్ మోసిన్-నాగాంట్ ఒకప్పుడు గుట్టలు గుట్టలుగా, చవగ్గా వచ్చేది. ఆ కాలం పోయింది, ఆ సలహా మాత్రం మిగిలింది. దాంతోపాటు వచ్చే పాత సైనిక తూటాల్లో చాలావాటి ప్రైమర్లలో (మందుకి నిప్పంటించే చిన్న మూతల్లో) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది పేలాక బ్యారెల్‌లో ఉప్పు మిగులుస్తుంది. ఆ ఉప్పు గాలిలోని తేమని పీల్చి తుప్పు పట్టిస్తుంది. నూనె రాస్తే కరగదు, నీళ్లకే కరుగుతుంది. కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించాలి. స్కోపు బిగిద్దామంటే వంపు లేని బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి అడ్డమొస్తుంది. ఆ మార్పులకి పెట్టే ఖర్చు కలుపుకుంటే కొత్త బోల్ట్ రైఫిల్ దగ్గరికి వచ్చేస్తారు. ఇప్పుడొచ్చే చవక బోల్ట్ రైఫిళ్లు కూడా చాలామటుకు 100 మీటర్ల దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్ల గుంపులో తూటాలు పెట్టగలవు.

పాతదే కొనాలనుకుంటే, వాడిన తుపాకీలో తప్పేం లేదు. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ తీసేసి బ్యారెల్‌లోంచి వెలుతురు వైపు చూడండి. లోపల ఎక్కడైనా నల్లటి ఉంగరంలా కనపడితే అక్కడ గొట్టం ఉబ్బిందని అర్థం. బేరం ఎంత బాగున్నా వదిలేయండి. స్క్రూల తలలు చితికి ఉన్నా, ఎవరో తెలియనివాళ్లు లోపల చెయ్యి పెట్టారని లెక్క.

"స్కోపు తర్వాత" అన్నది సగం ఒప్పు. ఇనుప గురితో (గొట్టం మీదుండే మామూలు గురి గుర్తులతో) నేర్చుకోవచ్చు, అదీ గురి ఉన్న రైఫిల్ అయితే. ఇప్పటి బోల్ట్ రైఫిళ్లు చాలావాటికి అసలు ఇనుప గురే ఉండదు, కాబట్టి స్కోపు ధర మొదటిరోజే లెక్కలో ఉండాలి. మరీ చవకది కొంటే ప్రతి దెబ్బకీ సున్నా (స్కోపులో సరిచేసి పెట్టుకున్న గురి) కదులుతూ ఉంటుంది, దాన్ని సరిచేయడానికే సగం డబ్బా ఖాళీ.

"మిగతా సరంజామా తర్వాత" మాత్రం అసలు కుదరదు. చెవికి ఒక్క దెబ్బతోనే నష్టం మొదలయ్యే గీత 140 డెసిబెల్స్ దగ్గర గీస్తారు. .22 రైఫిలే దాని దగ్గరకి వచ్చేస్తుంది, పెద్దవన్నీ దాన్ని దాటేస్తాయి. చెవి కప్పులు, కళ్లద్దాలు, తాళం పడే ఇనప్పెట్టె, ఈ మూడింటి డబ్బూ ముందే పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో ఏ తుపాకీ వస్తుందో చూడండి. రెండూ రాకపోతే ఈ ఏడాదికి .22 ఒక్కటే తీసుకోండి.