గాలియం రాస్తే అర మార్కు కోత

ఇప్పుడే మా అమ్మాయి స్లిప్ టెస్ట్ పేపరు చూశాను. ఒళ్ళు మండిపోతోంది. టీ చల్లారిపోతున్నా సరే, ముందు ఇది రాసేస్తున్నా.

ప్రశ్న ఏంటంటే, "ద్రవస్థితిలో ఉండే మూలకాలు రాయండి." ఏ ఉష్ణోగ్రత దగ్గరో లేదు, చూశారుగా. పిల్ల పాదరసం, బ్రోమిన్ రాసి, కింద "మే నెలలో హైదరాబాద్‌లో అయితే గాలియం కూడా" అని చేర్చింది. గాలియం అనే ఈ లోహం కరిగేది 29.8 డిగ్రీల దగ్గర. మాది ఆఖరి అంతస్తు. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతుంది. గాలియం ముక్క షెల్ఫులో పెడితే మధ్యాహ్నానికి కారి నేల మీద ఉంటుంది. దానికి ఎర్ర పెన్నుతో అడ్డగీత, అర మార్కు కోత. క్లాసు వాట్సాప్ గ్రూపులో మర్యాదగానే అడిగాను. మేడమ్ గారి జవాబు: "ఆన్సర్ కీలో లేదండి." పక్కన రెండు దండాలు.

ఎండాకాలం కూడా కీలో లేదేమో. మరి సెలవులెందుకిస్తున్నారో.

అసలు గాలియం చరిత్ర తెలుసా వీళ్ళకి? 1869లో రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ అప్పటికి తెలిసిన మూలకాలు పేర్చుకుంటూ వచ్చి, అల్యూమినియం కింద గడి ఖాళీగా వదిలేశాడు. తర్వాత అక్కడికి రాబోయేదానికి మన 'ఏక' తగిలించి ఏక అల్యూమినియం అన్నాడు, సాంద్రత ఎంతుంటుందో కూడా చెప్పేశాడు. 1875లో ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్త బ్వాబోద్రాన్‌కి ఆ లోహమే దొరికింది, అదే గాలియం. ఆయన దాని సాంద్రత 4.7 అని కొలిస్తే, దాన్ని కంటితో కూడా చూడని మెండలీవ్ మళ్ళీ కొలవమన్నాడు. కొలిస్తే 5.9! ఆయనే గనక మన స్కూల్లో చదివుంటే ఖాళీ గడికో మార్కు చొప్పున కోసి, 'అశ్రద్ధ' అని డైరీలో రాసి పంపేవారు.

"అర మార్కే కదా బావా, వదిలెయ్" అంటాడు మా బావమరిది. ఆరో తరగతి కొడుకుని ఐఐటీ ఫౌండేషన్‌లో వేసినవాడు నాకు శాంతి వచనాలు చెబుతున్నాడు.

వీళ్ళు నేర్పేదల్లా "హలీనా కీ రబ్ సే ఫరియాద్". లిథియం, సోడియం లాంటి క్షార లోహాల గుర్తులు (H, Li, Na, K, Rb, Cs, Fr) వరసగా గుర్తుండాలట. ఆ హలీనా ఎవరో, దేవుడితో ఏం మొరపెట్టుకుందో గానీ, ఆ వరసలో ముందున్న హైడ్రోజన్ క్షార లోహమే కాదని ఎవరూ చెప్పరు. సోడియం నీళ్ళలో వేస్తే ఏమవుతుందంటే పిల్లలు టకటకా "హైడ్రోజన్ వాయువు వెలువడును" అంటారు. ఆ వెలువడటం చూసినవాడు ఒక్కడూ లేడు.

పోనీ స్కూలు ఏ మారుమూలో ఉందా? ఈసీఐఎల్ వైపే. అక్కడే 1971లో పెట్టిన అణు ఇంధన కర్మాగారం ఎన్ఎఫ్‌సీ ఉంది. రియాక్టర్లలో యురేనియం ఇంధనాన్ని పెట్టే గొట్టాలు జిర్కోనియం మిశ్రమంతో అక్కడ తయారవుతాయి. ఆవర్తన పట్టికలో జిర్కోనియం కింద గడి హాఫ్నియంది. గుణాలు దాదాపు ఒకటే కాబట్టి ఖనిజంలోనూ కలిసే దొరుకుతాయి. కానీ రియాక్టర్ నడవడానికి కావలసిన న్యూట్రాన్లను జిర్కోనియం పోనిస్తుంది, హాఫ్నియం మింగేస్తుంది. అందుకే ఆ రెంటినీ విడదీయక తప్పదు, అదేమో మహా కష్టం. 'ఒకే గ్రూపు (పట్టికలో నిలువు వరస) మూలకాలకు ఒకే రకం ధర్మాలుంటాయి' అని చేతులు నొప్పెట్టేలా రాయించినవాళ్ళకి ఈ ముక్క చెప్పడానికి నోరు రాదా? క్లాసులో ఎంతమంది తాతలు అక్కడ రిటైరయ్యారో! ఒకాయన్ని పిలిచి కుర్చీ వేస్తే సరిపోయేది.

ఇంక ల్యాబ్ సంగతి ఎత్తితే నాకు బీపీ. అడ్మిషన్ రోజు ఎంత ముచ్చటగా చూపించారో! తెల్ల కోట్లు, వరసగా బ్యూరెట్లు, గోడ నిండా 118 మూలకాల రంగుల చార్టు. జూన్‌లో వెళ్తే అదే గదిలో యూనిఫారాలు అమ్ముతున్నారు. సింకులో సాక్సుల కట్టలు, బ్యూరెట్ స్టాండ్లకి బెల్టులు. బయట కొనుక్కుంటామంటే లోగో ఉండాలట. ల్యాబ్ ఫీజు మాత్రం రసీదులో ఠంచనుగా వేరే లైను. బూట్లు బిగుతయ్యాయి, మార్చండంటే అటెండర్ "ల్యాబ్ సోమవారం తెరుస్తాం సార్" అన్నాడు. సోమవారం పర్మిషన్ పెట్టుకుని వెళ్తే తాళం. ఆఫీసులో అడిగితే "అమ్మినవి వాపసు తీసుకోం."

ఆ జత ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. నల్లవి, అయిదో నంబరు. ఎవరికైనా కావాలంటే ఇన్‌బాక్స్‌కి రండి, సగం ధరకే ఇస్తా.