గీజరు నిండా సున్నమే

తిరుపతిలో అద్దె ఇల్లు వెతికేవారు గాలి, వెలుతురు సంగతి తర్వాత చూసుకోండి. ముందు స్నానాల గది కుళాయి మూతి చూడండి. తెల్లగా పొలుసు కట్టి ఉంటే మీ గీజరుకు ఆయుష్షు మూడినట్టే.

మాకు కళ్యాణి డ్యాము నీళ్లో, తెలుగుగంగ నీళ్లో వచ్చిన రోజు పండుగ. మిగతా రోజులన్నీ బోరు నీళ్లే. మొన్న మెకానిక్ గీజరు విప్పితే కాయిల్ కనబడలేదు, దాని చుట్టూ వేలెడు మందాన గట్టిపడిన సున్నం. స్క్రూడ్రైవరుతో తడితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. "మళ్లీ పిలుస్తారులెండి సార్" అని భరోసాగా చెప్పి వెళ్లాడు. నీటిలోని కాల్షియం బైకార్బనేట్ వేడికి కార్బనేట్‌గా మారి అక్కడే పేరుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్లకు సరిగా అందనివ్వదు. కాయిల్ మాడిపోతుంది, కరెంటు బిల్లు మనకు మిగులుతుంది.

తాగునీటి కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. మాకు వేరే దిక్కు లేదని బోరుకు బాగా తెలుసు!

అందరికీ కలిపి నీటి కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టిద్దామంటే అపార్ట్‌మెంటు సమావేశంలో తలలన్నీ ఊగుతాయి. వాటా డబ్బు మాట రాగానే అందరికీ ఒకేసారి ఫోన్లు వస్తాయి.