0.3 పెద్దదా, 0.05 పెద్దదా?

అమెరికాలోని మన తెలుగువారి విందుల్లో పిల్లల చదువుల ప్రస్తావన వచ్చినప్పుడు రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ పేరు గొంతు తగ్గించి చెబుతారు. అక్కడ రెమెడియల్ లెక్కల తరగతిలో, అంటే కాలేజీ లెక్కలకు ముందు పాత పాఠాలు మళ్లీ చెప్పే తరగతిలో వేశారని తెలిస్తే ఇక ఆ ఇంటి పిల్లవాడి సంగతి ఎవరూ ఎత్తరు. కాలిఫోర్నియాలో అలాంటి కాలేజీలోనే సాయంత్రం పూట స్టాటిస్టిక్స్ చెబుతున్నాను కాబట్టి నేను ఎత్తుతాను. ఈ రాష్ట్రంలో ఆ రెమెడియల్ కోర్సులను దాదాపు తుడిచిపెట్టారు. మంచి పనే. అయితే సగమే చేశారు.

పాత పద్ధతిలో కాలేజీలో చేరగానే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టేవారు. అందులో తడబడితే అంకగణితం, ప్రీ-ఆల్జీబ్రా, ఎలిమెంటరీ ఆల్జీబ్రా, ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా అంటూ ఒకటి నుంచి నాలుగు మెట్ల కిందికి దింపేవారు. ఒక్కో మెట్టుకు ఒక సెమిస్టరు. ఫీజు కట్టాలి, హోంవర్కు చేయాలి, నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యే క్రెడిట్ మాత్రం ఒక్కటీ రాదు. ఫెడరల్ ఆర్థిక సాయం కూడా ఇలాంటి కోర్సులకు 30 క్రెడిట్ల వరకే.

లెక్కల మాస్టారిని కదా, లెక్కే చెబుతాను. ఒక్కో మెట్టు దగ్గర నూటికి 70 మంది గట్టెక్కుతారని ఉదారంగా అనుకుందాం. మూడు మెట్లు దాటేసరికి మిగిలేది 34 మంది. అసలు కోర్సు కూడా దాటేది 24 మంది. పాసై కూడా తరువాతి సెమిస్టరుకు రాని వారిని ఇందులో కలపలేదు. షిఫ్టు మారుతుంది, కారు మొరాయిస్తుంది, ఇంట్లో ఒకరు మంచాన పడతారు. మధ్యలో ఎన్ని సెలవులు వస్తే చదువు జారిపోవడానికి అన్ని సందులు.

పోనీ ఆ పరీక్ష అయినా సరిగ్గా తూచిందా? కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ పరిశోధకులు లెక్కగడితే, పరీక్ష రాసిన వారిలో లెక్కల్లో సుమారు నాలుగో వంతు, ఇంగ్లీషులో మూడో వంతు మందిని ఉండకూడని చోట వేశారని తేలింది. 2013లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ ఇంకో ప్రయోగం చేసింది. రెమెడియల్ ఆల్జీబ్రా అవసరమని తేల్చిన విద్యార్థులను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరిని ఆల్జీబ్రాలోనూ, కొందరిని నేరుగా కాలేజీ స్థాయి స్టాటిస్టిక్స్‌లోనూ కూర్చోబెట్టారు. రెండో జట్టుకు వారం వారం అదనపు సహాయ తరగతి ఉండేది. ఆల్జీబ్రాలో పాసైనవారు 39 శాతం, స్టాటిస్టిక్స్‌లో 56 శాతం. కష్టమైన కోర్సులోనే ఎక్కువమంది నెగ్గారు.

కాలిఫోర్నియా ఏబీ 705 చట్టం 2017లో వచ్చింది, 2019 నాటికి కాలేజీలన్నీ దారికి రావాల్సి వచ్చింది. హైస్కూలు మార్కులు చూసి, నేరుగా క్రెడిట్ కోర్సులో చేర్చుకోవడమే ఇప్పుడు నియమం.

ఇక నా తరగతి. ఒక విద్యార్థిని పగలంతా వృద్ధాశ్రమంలో పనిచేసి వస్తుంది. ఒక సమస్యలో పి-విలువ, అంటే నిజంగా తేడా ఏమీ లేకపోయినా ఇలాంటి ఫలితం అనుకోకుండా వచ్చే అవకాశం, 0.3 అని కంప్యూటర్ చూపించింది. మామూలుగా అది 0.05 కంటే తక్కువైతేనే ఫలితాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అది 0.05 కంటే తక్కువా అని అడిగితే 'తక్కువే' అంది, తడుముకోకుండా. కారణం కూడా చెప్పింది: 3 కంటే 5 పెద్దది. దానితో ఆమె రాసిన ముగింపు తలకిందులైంది. స్టాటిస్టిక్స్ రాకపోవడం కాదది. శాంపిల్ ఎలా తీయాలో, ప్రశ్న ఎలా వేయాలో నా కంటే సూటిగా మాట్లాడుతుంది. 30 సెంట్లు, 5 సెంట్లు అని పక్కపక్కన రాయించి, దశాంశ స్థానాలు చూపించేసరికి పది నిమిషాలు పట్టింది. పాత పద్ధతిలో ఇదే దశాంశానికి ఒక సెమిస్టరు పట్టేది, అదీ దాని అవసరమేమిటో తెలియకుండా.

1970లో న్యూయార్క్ సిటీ కాలేజీ హైస్కూలు పూర్తిచేసిన వారందరికీ తలుపులు బార్లా తెరిచినప్పుడు మీనా షానెసీ అనే అధ్యాపకురాలు కొత్తగా వచ్చినవారి ఇంగ్లీషు వ్యాసాలు వేల సంఖ్యలో చదివి, ఆ తప్పులకూ ఒక తర్కం ఉంటుందని చూపించారు. 3 కంటే 5 పెద్దదన్నదీ అలాంటి తర్కమే. అది పట్టుకోవాలంటే విద్యార్థి పక్కన కూర్చోవాలి. ఆ కూర్చునే సమయమే ఇప్పుడు కరువు. బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో 2007లో ఇంగ్లీషుకు మొదలుపెట్టిన నమూనాలో, వెనకబడినవారు అందరితో పాటే మామూలు తరగతిలో కూర్చుని, అది కాగానే అదే టీచరు దగ్గర చిన్న బృందంగా ఇంకో తరగతి చదువుతారు. దానికి డబ్బవుతుంది. నేను చూసినంతలో ఆ చిన్న బృందం ముప్పై అయిదు మందవుతోంది, లేదా ఇంటి దగ్గర చూసుకోమనే వీడియోల వరుస అవుతోంది. కోర్సు ఎత్తేసే చట్టానికి చప్పట్లు కొట్టే శాసనసభ్యులు బడ్జెట్ పద్దు దగ్గర దగ్గుతారు.

కాల్క్యులస్ విషయంలో నాకు ఇంకా గట్టి సందేహాలే ఉన్నాయి. 2022లో వచ్చిన ఏబీ 1705 చట్టం ఇంజనీరింగ్ వైపు వెళ్లేవారిని కూడా వీలైనంత నేరుగా కాల్క్యులస్‌లోకి నెడుతోంది. అక్కడ ఆల్జీబ్రా లోటు పది నిమిషాల్లో తీరేది కాదు. హార్వర్డే 2024లో ఆల్జీబ్రాలో తడబడేవారి కోసం వారానికి ఐదు రోజుల కాల్క్యులస్ కోర్సు పెట్టింది. హార్వర్డ్ పేరు మాత్రం విందుల్లో గట్టిగానే వినిపిస్తుంది.

మనకిది కొత్త కాదు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల మధ్య పడినవారు మనలో ఎంతమంది లేరు? 2008లో పెట్టిన నూజివీడు, బాసర, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పల్లెల పిల్లలను పదో తరగతి కాగానే తీసుకుని, ఆరేళ్ల చదువులోనే రెండేళ్ల పీయూసీ కలిపారు. తయారీ చదువు గుమ్మం బయట కాదు, ఇంటి లోపలే.

అయినా మన సంఘాలు మహాసభల్లో గణిత పోటీలు పెట్టి, లెక్కలు వచ్చినవారికే ఇంకో షీల్డు ఇస్తాయి. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ ట్యుటోరింగ్ కేంద్రంలో వారానికి రెండు గంటలు కూర్చోగల ఇంజనీర్లు మన సభ్యుల్లో కొల్లలు. 'ఇది కూడా రాదా' అన్న మాటను మాత్రం ఇంటి దగ్గరే వదిలి రావాలి. మా కేంద్రంలో సాయంత్రం ఆరు దాటితే ఒక్క ట్యూటరే ఉంటారు. పగలు పనిచేసే విద్యార్థులు వచ్చేది సరిగ్గా ఆ వేళకే.